చింతపిక్కలతో పన్ను లెక్క చెప్పిన కార్యాలయం: పర్లాకిమిడిలో ఒక పన్నుల సలహాదారు సేవ గురించి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ లెక్కలు చూసిపెట్టే ఒక చిన్న కార్యాలయానికి నేను 2025 ఫిబ్రవరి నుంచి వెళ్తున్నాను. నా రిటర్ను, మా నాన్నగారి రిటర్ను, మా చిన్నాన్న కొడుకు నడిపే కిరాణా కొట్టు లెక్కలు, అన్నిటికీ కలిపి ఆ ఏడాదిలో ఏడెనిమిది సార్లు అక్కడ కూర్చున్నాను. గజపతి జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిగా ఇరవై రెండేళ్లుగా జీతం చీటీలో పన్ను కోత చూస్తూనే ఉన్నా, ఆ కోత ఏ లెక్కన పడుతుందో, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కూర్చోబెట్టి చెప్పినవారు అంతవరకూ ఎవరూ లేరు. ఈ కార్యాలయం నడిపే పెద్దాయన తన పేరు ఎక్కడా వేయవద్దని కోరారు కాబట్టి పేరుగానీ చిరునామాగానీ రాయడం లేదు. అయినా మా సరిహద్దు ఊళ్లలో పన్నుల పనికి ఎవరి దగ్గరకు వెళ్లాలో తేల్చుకోలేక తిరిగేవారు చాలామంది ఉన్నారు గనుక, నేను పొందిన సేవ ఎలాంటిదో, అందులో లోపాలేమిటో వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను.

ముందు నేను అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో చెప్పాలి. 2023 జూలైలో నా రిటర్నును వేరొక మనిషి చేత వేయించాను. రిఫండ్ వస్తే అందులో పదో వంతు తనకివ్వాలనీ, రాకపోతే పైసా కూడా అక్కర్లేదనీ అతను చెప్పాడు. సెప్టెంబరులో నా ఖాతాలో 18,400 రూపాయలు పడ్డాయి. మా పాఠశాలలో మరో ముగ్గురు కూడా అతని దగ్గరే వేయించారు కాబట్టి నాకు అనుమానం రాలేదు. 2025 జనవరిలో ఆ ముగ్గురిలో ఒకరికి, మీరు చూపించిన మినహాయింపులను ఒకసారి సరిచూసుకోండి అని ఆదాయపు పన్ను విభాగం నుంచి సందేశం వచ్చింది. భయపడి నా ఖాతా కూడా తెరిచి చూద్దామంటే సంకేతపదం పనిచేయలేదు, ఓటీపీ నా ఫోనుకు రాలేదు. ఆ ఖాతాలో నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు రెండూ అతనివే. విభాగం నాకు ఏం రాసినా అది అతనికే చేరుతుంది.

ఆ స్థితిలో మా నాన్నగారి స్నేహితులొకరు ఈ కార్యాలయం చూపించారు. ఒకటే గది, రెండు బల్లలు, ఒక కంప్యూటరు, గోడ పొడవునా గుడ్డతో కట్టిన ఫైళ్లు. పెద్దాయన నా పాన్ కార్డు, ఆధార్ చూసి, ఆధార్‌కు ముడిపడిన నా ఫోనుకు ఓటీపీ తెప్పించి సంకేతపదం మార్పించారు. నేను పుస్తకంలో రాసి ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టి, "అది నాకు చెప్పొద్దమ్మా, మీరే కొట్టండి" అని కీబోర్డు నా వైపు జరిపి తాను గోడ వైపు తిరిగారు. ఫోను నంబరు, ఈమెయిలు నావి పెట్టించారు. తర్వాత పాత రిటర్ను తెరిచి ఒక్కొక్క పద్దూ చదివి వినిపించారు. నేను ఎన్నడూ కట్టని ఇంటి అద్దె, నేను ఎన్నడూ ఇవ్వని రాజకీయ పార్టీ విరాళం అందులో ఉన్నాయి. నా పేరున, నా సంతకానికి సమానమైన ఆమోదంతో దాఖలైన పత్రం అది. తెలియక జరిగిందని నేను అంటుంటే, ఆయన నన్ను తప్పుపట్టకుండానే, రిటర్నులో రాసినదానికి పన్నుదారే బాధ్యులనీ, తప్పుడు వివరాలు చూపించి ఆదాయం తగ్గించినట్టు విభాగం తేల్చితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చనీ, నోటీసు రాకముందే మనంతట మనం సరిదిద్దుకునే దారి కూడా చట్టంలోనే ఉందనీ చెప్పారు.

ఆ దారి పేరు అప్‌డేటెడ్ రిటర్ను. 2022-23 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి 2025 మార్చి 31 లోపు వేస్తే, కట్టవలసిన పన్నూ వడ్డీ మీద అదనంగా 25 శాతం, అది దాటి మరో ఏడాది లోపు వేస్తే 50 శాతం చెల్లించాలి. మేము ఫిబ్రవరిలోనే వేశాం. తీసుకున్న 18,400, దానిపై వడ్డీ, రెండింటి మీద 25 శాతం కట్టాను. అంతకు ముందు ఆ మనిషికి ఇచ్చిన 1,840 ఎలాగూ పోయింది. చలానా రసీదు చేతికొచ్చిన రోజు రాత్రి చాలా నెలల తర్వాత నిశ్చింతగా పడుకున్నాను. ఈ సేవకు ఆయన తీసుకున్నది 1,500 రూపాయలు. రిఫండ్‌లో వాటా అడిగేవాడి దగ్గరకు మళ్లీ వెళ్లవద్దని, వాటా అడిగేవాడికి రిఫండ్ పెంచడమే పని అవుతుందని ఒక్క మాట అన్నారు.

ఈ కార్యాలయాన్ని మిగతావాటి నుంచి వేరు చేసే విషయం ఏమిటంటే, ఫారం నింపే ముందు పన్ను అంటే ఏమిటో చెబుతారు. 2024-25 సంవత్సరపు రిటర్నుకు ఆగస్టులో వెళ్లినప్పుడు, నాకు చాలా కాలంగా ఉన్న భయం ఒకటి బయటపెట్టాను. ఇంక్రిమెంటు వచ్చి పై శ్లాబులోకి, అంటే ఎక్కువ రేటు పడే మెట్టులోకి, వెళ్తే జీతమంతటి మీదా ఎక్కువ శాతం పడుతుందనీ, అందువల్ల ఇంక్రిమెంటు వచ్చీ నష్టమేననీ మా ఉపాధ్యాయుల గదిలో అందరూ అనుకునే మాట అది. ఆయన బల్ల సొరుగులోంచి ఒక డబ్బా తీసి, చింతపిక్కలు బల్ల మీద పోశారు. పిల్లలు ఆడుకునేవే, గీకి నున్నగా చేసినవి. ఒక్కో పిక్కను లక్ష రూపాయలనుకోమని వరసగా పేర్చారు.

పొదుపు ఖాతా వడ్డీతో కలిపి నా ఆదాయం 8,40,000. పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో జీతగాళ్లకు ఖర్చుల వివరాలు అడగకుండానే తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే మిగిలేది 7,65,000. అంటే ఏడు పిక్కలు, ఒక బద్ద కంటే కొంచెం ఎక్కువ. మొదటి మూడు పిక్కలను ఎడమ చేత్తో నా వైపుకు తోసి, వీటిని ప్రభుత్వం ముట్టుకోదన్నారు. తర్వాతి నాలుగింటిని మధ్యలో ఉంచి, వీటి మీద నూటికి అయిదు చొప్పున 20,000 అన్నారు. చివరి 65,000 కోసం ఒక పిక్కను రెండు బద్దలుగా చేసి, ఒక బద్దను కుడివైపు పెట్టి, పది శాతం పడేది దీని మీద మాత్రమేనని, అది 6,500 అని చెప్పారు. మొత్తం 26,500, దాని మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు అనే అదనపు పన్ను 1,060, వెరసి 27,560. "ఈ బద్ద వచ్చిందని ఆ మూడు పిక్కలూ కదిలాయా అమ్మా?" అని అడిగారు. కదలలేదు. పై మెట్టు రేటు పై మెట్టులో ఉన్న డబ్బుకే వర్తిస్తుందనే సంగతి రెండు దశాబ్దాల తర్వాత నాకు కళ్లతో చూస్తే అర్థమైంది. ఇప్పుడు మా ఎనిమిదో తరగతి పిల్లలకు శాతాల లెక్కలు ఆ పిక్కలతోనే చెబుతున్నాను.

అక్కడే పాత విధానం లెక్క కూడా వేసి చూపించారు. 50,000 స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను 2,500, భవిష్య నిధి, జీవిత బీమా కలిపి 90,000 తీసేస్తే 6,97,500 మీద సెస్సుతో సహా 54,080 వస్తుంది. నాకు కొత్తదే మేలు. అయితే ఇంటి అప్పు వడ్డీ, పెద్ద మొత్తంలో పొదుపులు ఉన్నవారికి ఇది తారుమారు కావచ్చునని, రెండూ వేసి చూడకుండా ఏది మంచిదో చెప్పకూడదని ఆయన పద్ధతి. 2025-26 నుంచి కొత్త విధానంలో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు, పన్ను పడే ఆదాయం 12 లక్షలు దాటనివారికి మొత్తం పన్ను రాయితీగా పోతుంది కాబట్టి ఇదే జీతానికి 2025-26లో నేను కట్టవలసింది సున్నా. అయినా రిటర్ను వేయడం మానకూడదని గట్టిగా చెప్పారు, ఎందుకంటే ఆ రాయితీ రిటర్నులోని లెక్క ద్వారానే ఖాయమవుతుంది.

వృత్తి పన్ను మాట వచ్చినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. నా జీతంలో ఏడాదికి 2,500 పోయేది రాష్ట్రానికి చెందే పన్ను. ఏ రాష్ట్రమైనా ఒక మనిషి దగ్గర ఏడాదికి ఇంతకంటే ఎక్కువ వృత్తి పన్ను తీసుకోకూడదని రాజ్యాంగంలోని 276వ అధికరణం హద్దు గీసింది. అలాగే చట్టం ఆధారం లేకుండా ఏ పన్నూ విధించడానికి, వసూలు చేయడానికి వీల్లేదని 265వ అధికరణం చెబుతుంది. పన్ను అంటే పైనుంచి వచ్చి పడేదని మాత్రమే అనుకున్న నాకు, అడిగేవారి చేతికి కూడా హద్దు ఉందని తెలియడం ఎంతో ధైర్యాన్నిచ్చింది.

ఆ 27,560 ఎక్కడికి పోతుందని నేను అడిగాను. ఆయన తిరిగి నన్నే అడిగారు, మీ బళ్లో మధ్యాహ్నం వంట ఖర్చు ఎవరిస్తున్నారని. నేను ప్రభుత్వం అన్నాను. ఏ ప్రభుత్వమని మళ్లీ అడిగారు. రోజూ నా కళ్లెదుట ఉడికే అన్నం గురించి నాకు సరైన జవాబు తెలియలేదు. బియ్యం కేంద్రం ఇస్తుంది, వంట ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. కేంద్రం వసూలు చేసి రాష్ట్రాలతో పంచుకోవలసిన పన్నుల నికర మొత్తంలో, 15వ ఆర్థిక సంఘం సిఫార్సు ప్రకారం 2021-26 మధ్య 41 శాతం రాష్ట్రాలది. ఆ భాగంలో ఒడిశాకు 4.528 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం. ఈ పంపకంలో అన్నిటికంటే ఎక్కువ బరువు, 45 శాతం, తలసరి ఆదాయంలో రాష్ట్రాల మధ్య ఉన్న వ్యత్యాసానికి ఇచ్చారు. అడవులకు కూడా 10 శాతం బరువు ఉంది. మహేంద్రగిరి అడవులు, కొండల మీద సవర గిరిజనుల పల్లెలు ఉన్న జిల్లాలో ఉంటూ ఈ మాట ఇంతకాలం వినకపోవడం నాకు బాధ కలిగించింది. నేను కట్టిన సెస్సు 1,060 మాత్రం ఆ పంపకంలోకి రాదు, సెస్సులూ సర్‌చార్జీలూ కేంద్రం దగ్గరే ఉంటాయి. విద్య పేరుతో నా దగ్గర తీసుకున్న సొమ్ము నా రాష్ట్రానికి వాటాగా రాదన్న విషయం విన్నప్పుడు నేను ఒప్పుకోలేకపోయాను. అది కేంద్ర పథకాల రూపంలో తిరిగి వస్తుందని ఆయన వివరించారు గానీ, ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

ఇక మా ఊరికే ప్రత్యేకమైన సంగతికి వస్తాను. పర్లాకిమిడి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం. అటు శ్రీకాకుళం జిల్లా, ఇటు గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గీసిన గీత మా పెళ్లి సంబంధాలను, సంతలను, దుకాణాలను విడదీయలేదు. బట్టలు అక్కడ కొంటాం, వాళ్లు పెట్రోలు ఇక్కడ పోయించుకుంటారు. పెట్రోలు, డీజిలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, వాటి మీద ప్రతి రాష్ట్రమూ తన వ్యాట్ (అమ్మకపు పన్ను) తాను వేస్తుంది, ఆంధ్రలో అది ఎక్కువ కాబట్టి అటు బండ్లు ఇటు బంకుకు వస్తాయి. మద్యం సంగతీ అంతే, అది రాష్ట్రాల చేతిలోనే ఉంది. మరి బట్టల మీద, సబ్బుల మీద మనం కట్టేది ఎవరికి పోతుంది?

పెద్దాయన నా సంచిలోంచి రెండు బిల్లులు తీయించి పక్కపక్కన పెట్టారు. ఒకటి మా బజారులో చెప్పులు కొన్నది, మరొకటి పాతపట్నంలో చీర కొన్నది. రెండింటి మీదా పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు ఉంది. మా బజారు బిల్లు నంబరు 21తో మొదలైంది, అది ఒడిశా సంకేతం. పాతపట్నం బిల్లు 37తో మొదలైంది, అది ఆంధ్రప్రదేశ్. రెండు బిల్లుల్లోనూ పన్ను రెండు సమాన భాగాలుగా, కేంద్రానిదొకటి, రాష్ట్రానిదొకటిగా చూపించి ఉంది. చీర బిల్లులోని రాష్ట్ర భాగం ఆంధ్రకు చేరుతుంది, ఎందుకంటే నేను అక్కడికే వెళ్లి కొట్లో నిలబడి తీసుకున్నాను, బిల్లు మీద నా చిరునామా లేదు. అదే చీరను ఆ కొట్టువారు నా పర్లాకిమిడి చిరునామా రాసి ఇంటికి పంపి ఉంటే, అది రాష్ట్రం దాటిన సరుకు అవుతుంది, ఐజీఎస్టీ పేరుతో ఒకే పన్ను పడి, అందులో రాష్ట్ర భాగం ఒడిశాకు వస్తుంది. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ అసలు సూత్రమే అది. సరుకు ఎక్కడ తయారైందన్నది కాదు, ఎక్కడ వాడతారన్నది ముఖ్యం. ఒకే చీర, ఒకే ధర, నేను చెల్లించే పన్నులో కూడా తేడా లేదు, కానీ చిరునామా అనే ఒక్క గీత వల్ల రాష్ట్రం వాటా ఏటి ఇవతలికి వస్తుందో అవతలికి పోతుందో మారిపోతుంది.

అక్కడ కూర్చున్న ఒక వృద్ధురాలు, కొండ నుంచి చీపుళ్లు తెచ్చి అమ్మే సవర అమ్మ, పింఛను కాగితాల కోసం వచ్చారు. మాట్లాడుతూ, పన్ను మీలాంటి ఉద్యోగస్తులకే గానీ మాకు లేదన్నారు. పెద్దాయన ఆమెతో సవరలోనే రెండు మాటలు మాట్లాడి, తర్వాత మాకు తెలుగులో చెప్పారు. పన్ను కాక 50 రూపాయల ధర ఉన్న సబ్బుల కట్ట మీద 18 శాతం చొప్పున 9 రూపాయలు ఆమె ఇంతకాలం కట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బుల మీద రేటు 5 శాతానికి తగ్గింది కాబట్టి అదే కట్ట 59కి బదులు 52 రూపాయల 50 పైసలకు రావాలి. నా జీతం మీద పన్ను నా ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది. సబ్బు మీద పన్ను ఆమెకూ నాకూ ఒకటే. ప్రత్యక్ష పన్ను, పరోక్ష పన్ను అని పాఠ్యపుస్తకంలో చెప్పే మాటలకు అర్థం నాకు ఆ సబ్బు కట్ట దగ్గర తెలిసింది. పన్ను కట్టేవారు దేశంలో కొద్దిమందేనని ఎవరైనా అంటే ఇకమీదట నేను ఊరుకోను.

మా తమ్ముడి కొట్టు వ్యవహారం ఆయన ఎంత శ్రద్ధగా చూస్తారో తెలుసుకోవడానికి మంచి ఉదాహరణ. వాడు కాంపొజిషన్ పథకంలో ఉన్నాడు. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం ఉన్న చిన్న కొట్లు అమ్మకాల మీద ఒక శాతం తమ సొంత లాభంలోంచి కట్టి, మూడు నెలలకొకసారి లెక్క చెప్పి, ఏడాదికొకసారి రిటర్ను వేస్తే సరిపోయే ఏర్పాటు అది. అందులో ముఖ్యమైన షరతులు మూడున్నాయి. కొనేవారి దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు, బిల్లు మీద తాను కాంపొజిషన్ పన్నుదారుననీ పన్ను వసూలు చేసే అర్హత లేదనీ రాయాలి, పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మి పంపకూడదు. మావాడు మొదటి రెండూ పాటిస్తున్నాడు. మూడోది ఉందని కూడా వాడికి తెలియదు. పాతపట్నంలోని రెండు చిన్న కొట్లకు వారం వారం ఆటోలో సబ్బులు, బిస్కెట్ల పెట్టెలు పంపిస్తున్నాడు. పాతపట్నం వేరే రాష్ట్రమని వాడికి తెలియదని కాదు, మనవాళ్ల ఊరే కదా అన్న భావన అది.

పెద్దాయన ఇక్కడ మెతకగా మాట్లాడలేదు. పాతపట్నం నుంచి ఎవరైనా మీ కొట్టుకు వచ్చి కొని పట్టుకుపోతే ఇబ్బంది లేదు, మీరు సరుకు అక్కడికి పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, ఆ రోజు నుంచే పథకానికి మీరు అర్హులు కారు అని ముఖం మీదే చెప్పారు. మామూలు రిజిస్ట్రేషన్‌కు మారితే నెలవారీ లెక్కల బరువు ఎంత ఉంటుంది, కొన్న సరుకు మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు వల్ల ఎంత కలిసివస్తుంది అని రెండు గంటలు లెక్క వేసి, వాడి చేత మామూలు పద్ధతికి మార్పించారు. పాత అమ్మకాల మీద తేడా పన్ను వడ్డీతో కట్టించారు. ఇది వాడికి నచ్చలేదు. రెండు వారాలు నాతో కూడా మాట్లాడలేదు. వచ్చిన ఖాతాదారు అలిగినా ఉన్న మాట చెప్పడమే సలహాదారు పని అని నేను నమ్ముతున్నాను, ఈ విషయంలో ఆయనకు పూర్తి మార్కులు వేస్తాను.

నాన్నగారి పని చిన్నది, చెప్పవలసింది కూడా కొద్దిగానే ఉంది. పింఛనుకు పన్ను లేదని ఆయన నమ్మకం. పింఛను కూడా జీతం పద్దు కిందకే వస్తుంది. బ్యాంకు వడ్డీ మీద పది శాతం టీడీఎస్ కోసేస్తే పన్ను పని అయిపోయినట్టేనని మరో నమ్మకం. కోత అనేది ముందుగా పట్టుకునే సొమ్ము మాత్రమే, అసలు లెక్క రిటర్నులో తేలుతుంది, ఎక్కువ కోసి ఉంటే తిరిగి వస్తుంది. ఆయనకు 6,200 అలాగే తిరిగి వచ్చింది. మొత్తం మీద పన్ను పడదని తేలితే కోత వద్దని అరవై దాటినవారు బ్యాంకుకు ఒక ప్రకటన పత్రం (అప్పట్లో ఫారం 15హెచ్) ఇవ్వవచ్చు, అప్పుడు కోతే ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి పెద్దలకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వడ్డీ మీద బ్యాంకు ఎలాగూ కోయదు. నాన్నగారి పేరున ఉన్న జీడిమామిడి తోట ఆదాయానికి కేంద్రం పన్ను లేదు కానీ, అది 5,000 దాటితే తేలికైన సహజ్ ఫారం పనికిరాదు, వేరే ఫారంలో చూపించాలి. మునుపు వేసినవారు ఆ తోటను పూర్తిగా వదిలేశారు.

ఇప్పుడు లోపాలు. గది చాలా చిన్నది, జూలై నుంచి సెప్టెంబరు వరకు జనం వరండాలో నిలబడతారు, వరస నంబరు ఇచ్చే పద్ధతి లేదు, ముందొచ్చినవారికంటే గట్టిగా అడిగినవారి పని ముందు అవుతుంది. నేను ఆగస్టులో మూడు గంటలు ఎదురుచూశాను. మా వెనక ఉన్న గర్భిణి కూడా అంతసేపూ నిలబడే ఉంది, చివరికి ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు. పెద్దాయన పాఠం చెప్పడంలో పడితే సమయం చూసుకోరు. ఫోను ఎత్తరు, ఏ చిన్న సందేహానికైనా స్వయంగా వెళ్లాలి. సహాయకుడు మర్యాదస్తుడే కానీ తెలుగు చదవలేడు, ఒడియా, ఇంగ్లీషు మాత్రమే టైపు చేస్తాడు.

అన్నిటికంటే నన్ను బాధించిన లోపం వేరే ఉంది. నోటితో ఇంత చక్కని తెలుగులో చెప్పిన విషయం, చేతికి ఇచ్చే కాగితం మీద ఒక్క తెలుగు అక్షరంగా కూడా లేదు. లెక్క సారాంశం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. మా నాన్నగారు ఇంటికి వచ్చాక ఆ కాగితాన్ని చదువుకోలేక నన్ను పిలిచారు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే భాషలోనే చదువు సాగాలని వాదించిన ఊరు ఇది. సవరల భాషను నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన ఊరు కూడా ఇదే. ఇలాంటి చోట తెలుగులో, ఒడియాలో ఒక పేజీ సారాంశం ఇవ్వడం అసాధ్యం కాదు. ఈ మాట ఆయనకే చెప్పాను. మీరు రాసి పెడితే అచ్చు వేయిస్తానన్నారు. జీతగాళ్లకు, పింఛనుదారులకు, చిన్న కొట్లవారికి పనికివచ్చేలా మూడు పేజీలు రాసి ఇచ్చాను. దసరా సెలవుల తర్వాత వెళ్తే మొదటి పేజీ బల్ల మీద ఉంది, మిగతా రెండూ ఇంకా రావలసి ఉంది.

రుసుము విషయానికి వస్తే, జీతగాళ్ల రిటర్నుకు 600, పింఛనుదారులకు 400 తీసుకున్నారు. ప్రతిసారీ అడగకుండానే రసీదు ఇచ్చారు. రసీదులో జీఎస్టీ లేదేమని అడిగితే, సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనీ, తనది అంత లేదనీ, రిజిస్టరు కానివారు పన్ను పేరుతో ఒక్క రూపాయి తీసుకున్నా నేరమేననీ చెప్పారు. ఆ తర్వాత మా బజారులో ఒక కొట్టువారు నంబరే లేని చీటీ మీద జీఎస్టీ అని రాసి డబ్బు కలిపితే, మొదటిసారి నోరు తెరిచి అడిగాను. కలిపింది తీసేశారు.

వెళ్లేవారు పాన్, ఆధార్, జీతంలో పన్ను కోతను చూపే ఫారం 16, బ్యాంకు వడ్డీ పత్రాలు, ఆధార్‌కు ముడిపడిన ఫోను వెంట తీసుకెళ్లాలి. ఏఐఎస్ అని పిలిచే వార్షిక సమాచార పత్రాన్ని ఆయన అక్కడే తెరిచి, మీరు చెప్పిన ఆదాయంతో వరస వరసగా సరిపోల్చి చూస్తారు. రిటర్ను పంపిన తర్వాత ఆధార్ ఓటీపీతో ధ్రువీకరణ 30 రోజుల్లో పూర్తి చేయాలి, లేకపోతే రిటర్ను వేయనట్టే లెక్క, కాబట్టి ఆ పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవనివ్వరు. మంగళవారం గది మూసి ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లన్నీ వేరు, ఆర్థిక సంవత్సరం, అసెస్‌మెంట్ సంవత్సరం అనే రెండు పేర్ల గందరగోళం పోయి పన్ను సంవత్సరం అనే ఒకే పేరు ఉంటుంది. దానికోసం ఆయన కొత్త చట్టం ప్రతి తెప్పించుకుని, పాత నంబరు పక్కన కొత్త నంబరు ఎర్ర సిరాతో రాసుకుంటున్నారు. కిందటి వారం నేను వెళ్లినప్పుడు ఆ పుస్తకం సగం దాకా ఎర్రబారింది, పక్కనే చింతపిక్కల డబ్బా మూత తీసి ఉంది, ఎదురుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రవాడు కూర్చుని మొదటి నాలుగు పిక్కలను తన వైపుకు జరుపుకుంటున్నాడు.